నాచు చారు

ఆ యమ్మి పేరు హేజిన్ అంట.
నాకు నోరు తిరగలే.
ఏజమ్మా అన్నా. పలికింది.

కాపురం రేణిగుంట రోడ్డు అపార్టుమెంటులో.
మొగుడికి శ్రీసిటీలో పని, కార్ల సామాన్లు చేసే కొరియా కంపెనీ.
నొప్పులు మొదలయ్యేటప్పటికి ఆయప్ప నైట్ షిఫ్టులో ఉండాడు.
ఏర్పేడు కాడ లారీ బోల్తా పడి
గంటన్నర రోడ్డు మీదే నిలబడిపోయినాడు, పాపం.

డాక్టరమ్మ ఇంగ్లీషులో అడగతా ఉండాది,
నొప్పి పదిలో ఎంత అని.
నొప్పికి నంబరేంది?

ఫోన్లో వాళ్లమ్మ.
రాత్రి రెండున్నర మాకు.
అక్కడప్పుడే తెల్లారింది, ఆమె కిటికీలో ఎండ.
మా కిటికీలో కొండ,
చీకట్లో ఘాట్ రోడ్డు దీపాలు తెగిన దండ మాదిరి.
ఆ ముసిలామె తెర మీద కూతురి నుదురు తుడస్తా ఉండాది.
వేలు అద్దం దాటి రాదు కదా.
నేను తుడిసినా.

నొప్పి మెలితిప్పినప్పుడు
ఒమ్మా, అని అరిచింది.
ఏం తల్లీ, అని పలికేసినా,
నన్నే పిలిచినట్టు.
ఫోన్లో ఆమె కూడా పలికింది.
ఇద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకున్నాం.

ఆడబిడ్డ. రెండు కిలోల తొమ్మిదొందలు.

మూడోనాడు పాలు గడ్డకట్టినాయి, రాయి మాదిరి.
తలుపేసుకుని ఏడస్తా ఉంటే
వేడి గుడ్డతో కాపడం పెట్టి
పైనుంచి కిందికి ఎట్ట వత్తాలో చేత్తో చూపించినా.
ఇది నాకు ఎవురూ నేర్పలే.
నాలుగు నెలల కొడుకును
పీలేరులో మా అక్క ఒళ్లో పెట్టి కువైట్ పోయినప్పుడు
షేకు ఇంటి బాత్రూములో గోడకానుకుని నేర్చుకున్నా.
శబ్దం వినపడకుండా కొళాయి తిప్పి.

మొగుడు నల్లటి ఎండునాచు తెచ్చినాడు.
సముద్రంలోదంట.
చారు కాస్తే బాలింతకు రగతం పడతాదంట.
ఓరి దేముడా, పచ్చి బాలింతకు నాచు నీళ్లా!
వెల్లుల్లి కారం, కాయం ముద్ద పెట్టాల గానీ.
కాయం తెచ్చిస్తే నోట్లో వేసుకుని
కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది, నవ్వో ఘాటో.
నాకొక గరిటె చారు పోసింది.
చప్పగా ఉన్నింది. చెప్పలే.

పుట్టిన ఊరు, అని ఉండాది కాగితంలో.
ఆ నాలుగక్షరాలు నా చేత రాయించుకుని
కిందనే గీతలూ సున్నాలూ పెట్టి
ఆయప్ప చదివి వినిపించినాడు:
టిరుపాటి.
కానీలే, ఊరికి ఇదొక పేరు.

పోయేటప్పుడు మిగిలిన పొట్లం
నా చేతిలో పెట్టింది ఏజమ్మ.

ఇంట్లో చిటికెడు నానబెట్టినా.
చిటికెడే.
తెల్లారేసరికి గిన్నె దాటి పొంగింది.
ఆటో తీసేదానికి పోతా పోతా
నా కొడుకు గడప కాడ నిలబడినాడు.
ఇదేందిమా, నాచు?
బాలింత చారురా, అన్నా.
ఎవురికి?

వాడికి ముప్పైరెండేళ్లు.
ఉప్పు జాస్తి వేసుకుని
వాడి ఎదురుగానే తాగినా.