మిగులు

రెండు పేజీల్లో రాయమన్నాడు కెప్టెన్ హాల్వర్సన్,
మా సరఫరా దళం చరిత్ర.
అంతకు మించితే పైవాళ్ళు చదవరట.
జెండా దించడానికి పదకొండు రోజులుంది.
నేను కొడుతున్న టైపు మిషన్‌కి కూడా
అప్పటికే అప్పగింత చీటీ కట్టేశారు.

రాశాను:
పందొమ్మిది వందల యాభై రెండు, ఏప్రిల్.
న్యూఫౌండ్‌లాండ్ పడమటి ఒడ్డు, గ్రేలింగ్ మొన.
మూడు రేకుల షెడ్లు, నలభై మంది సైనికులు,
ఊళ్ళోంచి మేం తొమ్మిదిమందిమి.

రాయలేదు:
రన్‌వే పడిన చోట మా నాన్న
కాడ్ చేపలు ఎండబెట్టే పందిళ్ళుండేవి.
పరిహారం చెక్కు మీద ఆయన పేరు తప్పు పడింది.
అది మార్చుకోవడానికి
రెండేళ్ళు వేరే మనిషిగా బతికాడు.

విమానం ఎగరడం అందరూ చూస్తారు.
దాని చక్రం, చక్రంలో బేరింగు,
బేరింగులో గ్రీజు, గ్రీజు తుడిచే గుడ్డపీలిక,
ఒక్కోదానికి ఒక్కో కార్డు.
నా సొరుగుల్లో ముప్పై ఒక్క వేలు.
పైలట్లు క్యాంటీన్‌లో ఆకాశం గురించి మాట్లాడుకునేవారు.
మేం ఆకాశానికి నట్లూ బోల్టులూ పంపేవాళ్ళం.

ఒక శీతాకాలం ఆరువందల చేతి తొడుగులొచ్చాయి,
అన్నీ ఎడమచేతివే.
కుడివి ఏ ఎడారి స్థావరానికో చేరి ఉంటాయి,
అక్కడా నాలాంటిదొకతి ఉత్తరాలు రాస్తూ ఉంటుంది.
తొమ్మిది నెలలకి జవాబు:
జతలు పూర్తిగా అందినట్టు రికార్డులో ఉన్నది.
రికార్డు చెప్పాక చెయ్యేం చెబుతుంది?
సార్జెంట్ ఓరిన్ టాగర్ట్ కుడిచేతికీ ఎడమదే తిరగేసి తొడుక్కుని
అరచేతి తోలు ఆకాశానికి చూపిస్తూ
చలికాలమంతా సెల్యూట్ కొట్టాడు.

టాగర్ట్‌కి లెక్క అంటే లెక్కే.
నా దగ్గర కాకిలెక్కలు కుదరవనేవాడు.
జెట్టీ మీద నీటికాకులు
రెక్కలారబెట్టుకుంటూ వినేవి.

అలాంటి మనిషి
యాభై ఏడు నవంబరులో ఒక రాత్రి
రెండో షెడ్డు తాళం గొడ్డలితో పగలగొట్టాడు.
మొన రాళ్ళ మీద పోర్చుగీసు చేపల ఓడ విరిగింది.
గడ్డాల్లో మంచు గడ్డకట్టి ఒడ్డుకు చేరిన మనుషులు
ఏ దేవుణ్ణో, ఏ తల్లినో పిలుస్తున్నారు.
నూట పన్నెండు ఉన్ని దుప్పట్లు
ఒక్క సంతకం లేకుండా
చెయ్యీ చెయ్యీ మారి మా వంటిళ్ళకి పోయాయి.
పదహారు నేనే మోశాను.

తెల్లారి నా బల్ల ముందు నిలబడి అన్నాడు:
"షెడ్డు కప్పు కారింది. నూట పన్నెండు. తడిసి బూజు పట్టాయి. రాయి."
వెళ్ళి కప్పు చూశాను. చుక్క తడి లేదు.
టైపు చేశాను. అబద్ధం కూడా
అంచులు సమంగానే వచ్చింది.

నిన్న గేటు దగ్గర తోపుడుబండి ఆగింది.
స్థావరం మూసేస్తున్నారని తెలిసి
లవీనియా షెప్పర్డ్ గడప గడపా తిరిగిందట.
దుప్పట్లు. ఉతికి, నాలుగు మడతలు పెట్టి,
చిల్లులకి ఎర్ర ఊలుతో రఫ్ఫు చేసి.
"ఎవరి సొమ్ము వాళ్ళకి అప్పజెప్పాలిగా" అంది.

కెప్టెన్ తల పట్టుకున్నాడు.
తక్కువొస్తే ఒక కాగితంతో పోతుంది.
ఎక్కువొస్తే మూడు, ఆపైన విచారణ.
పోయిందని రాసేసిన దుప్పటి
గేటు దగ్గరికొచ్చి నిలబడితే
దానికి ఫారం లేదు.
టాగర్ట్‌ని అడుగుదామంటే
నెబ్రాస్కా నుంచి క్రిస్మస్ కార్డులు ఆగి మూడేళ్ళయింది.

అలవాటు ఊరుకోదుగా, లెక్కపెట్టాను.
నూట తొమ్మిది.
మళ్ళీ పెట్టాను. నూట తొమ్మిదే.
లవీనియా నా మొహం చూడకుండా
చర్చి వెనక దిబ్బవైపు గడ్డం ఊపింది.
అక్కడి మూడు చెక్క శిలువల మీద
పేర్లు లేవు, తేదీ ఉంది.

బండి వెనక్కి పంపేశాను.
చలి ఇంకా ఉంది, ఊరూ ఉంది.

"రెండో పేజీలో ఇంత చోటు వదిలేశావేం?" అన్నాడు కెప్టెన్.
"రిబ్బన్ అయిపోయింది సార్."
అతని వెనక అలమారులో
విప్పని రిబ్బన్లు రెండు వందలు.
ఒకసారి తిరిగి చూశాడు.
సంతకం పెట్టాడు.