ఆలస్యం తల్లి

మా సెమొంకోంగ్ కొండల్లో
కొత్త కోడలు గడప దాటి లోపలికి రాగానే
పాత పేరు బయటే ఉండిపోతుంది.
పుట్టింట్లో నేను పులెంగ్‌ని, వానలో పుట్టినదాన్ని.
అత్తగారు నా భుజాల మీద దుప్పటి కప్పి
ఇకనుంచి నువ్వు మాతియెహో, అంది.
తియెహో వాళ్ళ తాతల్లో ఎవరిదో పేరు.
అర్థం, ఆలస్యం.

అలా, కడుపున కాయ కాయకముందే
ఆలస్యానికి తల్లినయ్యాను.

తొమ్మిదేళ్ళు.
ఊట దగ్గర, పిండిమర దగ్గర, చర్చి మెట్ల మీద
అందరూ లేని బిడ్డ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు.
నేను పలికేదాన్ని.
ప్రార్థనలో మాత్రం ఆయన్ని అడిగేదాన్ని:
ప్రభువా, నీకూ ఇదే పేరు పెట్టారా మీ ఇంట్లో?

పదో ఏట వచ్చాడు, పాదాలు ముందుగా,
మంత్రసాని విసుక్కుంటూ ఉండగా.

ఇప్పుడు వాడికి ఎనిమిది. పేరుకు తగ్గవాడు.
ఒక బూటు దొరికితే రెండోది దొరకదు.
ముఖం కడుక్కోమంటే చెంబు నీళ్ళలో
ఆకాశం కదులుతోందా అని చూస్తాడు.
ఆదివారం మేం చేరేసరికి మొదటి కీర్తన అయిపోయి
తెల్ల కాలర్ల ఆడవాళ్ళు కూర్చుంటూ ఉంటారు.
చివరి వరసలో మాకో బల్ల ఉంది,
దాని కాలొకటి పొట్టి. మేం కూర్చుంటే టక్కుమంటుంది.
పాస్టర్ సెఖోబె తలెత్తకుండానే తెలుసుకుంటాడు.

ఆగస్టులో ఒక వారం ఆయన
పదిమంది కన్నెల కథ చెప్పాడు.
దివిటీలు, నూనె, నిద్రమత్తు,
మూసుకున్న తలుపు.
అక్కడికి రాగానే పుస్తకం కూడా మూశాడు, చప్పుడయ్యేలా.
ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
కళ్ళు మూస్తే పెళ్ళి విందు వాసన,
బయట చలిలో ఒంటి బూటుతో నా కొడుకు,
వాడి చెయ్యి పట్టుకుని నేను.

గురువారం మంచు పడింది.
బడి వదిలి రెండు గంటలైంది, వాడు రాలేదు.
పక్కింటి పిల్లలు వచ్చారు, మేకలు వచ్చాయి.
ఎదురెళ్దామంటే ఏ దారిన వస్తాడో తెలీదు.
గాలికి తలుపు నిలవక గడియ పెట్టాను.
స్టవ్ మీద మొక్కజొన్న సంకటి అడుగంటుతోంది.
నేను తిట్లు వరసగా పేర్చుకున్నాను.
మొదట బూట్ల గురించి, తర్వాత దగ్గు గురించి,
ఆ తర్వాత దుకాణంలో అప్పు గురించి,
చివర్న దేవుడి గురించి.
మళ్ళీ మొదటినుంచి వల్లె వేసుకున్నాను.

అప్పుడు చూసుకున్నాను నా చెయ్యి ఎక్కడుందో.
గడియ మీద.
ఎంతసేపటినుంచో మరి,
ఇనుము వెచ్చబడింది.

తలుపు మూసే ఉంది, నిజమే.
దారిన పోయేవాళ్ళకది మూసిన తలుపే.
లోపల దానికి చెవి ఆనించి ఒకత్తి నిలబడి ఉంది,
గాలి చప్పుళ్ళలోంచి
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
కొడుకు అడుగులు ఏరుకుంటూ.

వాడు తట్టలేదు. తట్టేలోపే తీశాను.
మంచులో దిగబడ్డ లారీని లాగుతుంటే
చూస్తూ నిలబడ్డాడట. అంతే. వేరే కారణమేమీ లేదు.
దానికి పద్నాలుగు చక్రాలమ్మా, అన్నాడు
నల్లబడ్డ పెదవులతో, సంబరంగా.
పేర్చుకున్నవాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.
(అబద్ధమెందుకు, మర్నాడు వచ్చాయి. అన్నీ అన్నాను.)
దుప్పట్లోకి లాక్కుని
గిన్నె అడుగు గీకి పెట్టాను. వాడికి మాడిందే ఇష్టం.

పాస్టర్ చెప్పింది తప్పని నేననను.
ఆయన చదువుకున్నవాడు,
తలుపులు మూసుకుంటాయని ఆయనకు తెలుసు.
నాకు తెలిసింది తలుపుకి ఇవతలి వైపు, అంతే.

ఈ ఆదివారం కూడా ఆలస్యమైంది.
బల్ల టక్కుమంది. వాడి రెండో బూటు నా సంచిలో ఉంది.
ఊరికే వెనక్కి తిరిగి చూశాను:
చర్చి తలుపు గడియ
లోపలి వైపు అరిగి, నున్నగా మెరుస్తోంది.
ఇన్నేళ్ళుగా వస్తున్నాను,
ఎప్పుడూ గమనించలేదు.