మూడు గీతల చోటు

శనివారం సాయంత్రం. లీడ్స్.
కిటికీ లేని గదిలో నలుగురం, ఒక రికార్డరు,
ఒక నీళ్ల గ్లాసు.
అది ఎవరి కోసం పెట్టారో తెలియక
ఎవరూ తాగలేదు.

నా ప్రమాణం నేను చదివాను:
విన్నది విన్నట్టు, కలపకుండా, తగ్గించకుండా.
గంటకి ఇంత, బస్సు చార్జీ వేరే.

ఎదురుగా సిలార్. నరసరావుపేట.
గోడౌన్‌లో రాత్రి షిఫ్టు.
వాళ్లిచ్చిన బూడిదరంగు ట్రాక్‌సూటు చేతుల్లోకి
వేళ్లు కూడా ముడుచుకుని కూర్చున్నాడు.
నాలుగో రోజు.
పద్నాలుగు దాటితే కుదరదంటుంది చట్టం.
పద్నాలుగు దాకా కుదురుతుందనేదీ అదే చట్టం.

డిటెక్టివ్ ప్రిచర్డ్ కాగితం నా వైపు తిప్పింది.
బావకి వాడు పంపిన వాయిస్ మెసేజీ:
"నా డబ్బు సంగతి తేల్చకపోతే
ఈసారి వచ్చానంటే మీ కొంప కొల్లేరు చేస్తా."

కంప్యూటరు ముందే ఇంగ్లీషు చేసి పెట్టింది.
కొల్లేరు దాని నోటికి తిరగక
అలాగే వదిలేసింది.
కింద ఎర్రగీత.
పక్కన పెన్సిలుతో ఎవరో: స్థలమా? లక్ష్యమా?

నాది కైకలూరు.
తెల్లారుజామున గూడబాతులు దిగుతుంటే
నీళ్ల మీద బట్టలు ఉతికిన చప్పుడు.
ఇరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లో
ఇంకొకరి నోట ఆ పేరు వినలేదు.
విన్నది ఇవాళ,
ఎర్రగీత మీద.

"బెదిరింపేనా?" అంది ప్రిచర్డ్.
బెదిరింపే. ప్రమాణం చేశాను కదా.
కానీ మా అమ్మ తలకి నూనె రాస్తూనే
తోలు తీస్తాననేది.
లెక్కల మాస్టారు దుంప తెంచుతాననేవారు,
నా దుంప ఎక్కడుందో
నాకింతవరకు తెలీదు.
ఇవి చెప్పే హక్కు నాకు లేదు.
మాట మోసేవాణ్ణి నేను,
మాట తరఫున సాక్షిని కాను.

లాయరు అడెయెమి కలం మూత పెట్టింది.
"ఈ మాట వాళ్లలో ఎవరు, ఎవరితో, ఎప్పుడంటారు?
ఆయన్ని అడగండి. రికార్డయ్యేట్టు."

ప్రిచర్డ్ వెంటనే తలూపలేదు.
"ఒకసారి ఒక మాటని
మామూలేలెమ్మని వదిలేశాం," అంది.
ఆ పైన వాక్యం పూర్తి చేయలేదు.
ఆమె మీద కోపం తెచ్చుకోబోయాను, రాలేదు.
మా అమ్మాయి రోజూ రైల్లోనే కాలేజీకి వెళ్తుంది.

గోడ అవతల మైదానంలో గోలేదో పోయినట్టుంది,
వేల గొంతులు
రెఫరీని ఏం చేయాలో అరిచాయి.
దానికి అనువాదకుణ్ణి ఎవరూ పిలవలేదు.

చివరికి ఆమే ఒక ఫారం తీసింది.
అడుగున, అనువాదకుని గమనిక.
మూడు గీతల చోటు.

మొదటి గీత మీద, అది ఒక సరస్సు అని రాశాను.
రెండో దాని మీద, ఇంటిని సర్వనాశనం చేయడమని,
అప్పులవాళ్లూ అన్నదమ్ములూ కోపమొస్తే అంటారని.
మూడోది, "సాధారణంగా" అని మొదలుపెట్టి
ఆ మాట కొట్టేసి
మళ్లీ రాశాను.
గూడబాతులకి చోటు లేదు.

ఇక వాడి ఫోన్లో స్టేషన్ ఫోటోలు, పదకొండు.
ఎందుకు తీశాడంటే వాడు జవాబు చెప్పాడు.
నేను ఇంగ్లీషులో పెట్టాను.
నమ్మావా అని నన్నెవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

లేవమన్నప్పుడు సిలార్ మొదటిసారి
నా మొహంలోకి చూశాడు.
"అన్నా, మీదే ఊరు?"

రికార్డరు ఇంకా ఆపలేదు.
ప్రిచర్డ్ నా వైపు చూసింది, ఏమంటున్నాడని.

"నా ఊరేదని అడుగుతున్నాడు,"
ఇంగ్లీషులో చెప్పాను,
కలపకుండా, తగ్గించకుండా.
జవాబు చెప్పడం నా పనిలో లేదు.
బల్ల మీద ఆ కాగితం
ఇంకా నా వైపే తిరిగి ఉంది.