లసూణ్ గడ్డి

లసూణ్ అంటే ఎల్లిగడ్డ.
దీంట్ల ఎల్లిగడ్డ వాసనే లేదు.
బిలోలి బజార్ల విత్తనాలమ్మే మాణిక్‌రావును అడిగితే
లూసర్న్ అనేది ఎవరి నోట్లనో ఇరుక్కుని
మరాఠీల గిట్ల బయటికొచ్చిందన్నడు.
మా అత్త నర్సవ్వ ఇంకా గుర్రంగడ్డే అంటది.
ఏ పేరుతోని పిలిచినా
కొడవలి పెట్టిన ఇరవై అయిదో రోజుకు
మళ్ల మోకాలు దాటుతది.

మంజీర ఒడ్డున పది గుంటల్ల
చల్లి మూడేండ్లు.
నిరుడు బోరు ఎండింది, జొన్న నిలబడ్డకాడనే ఎండింది.
దీని వేరు మాత్రం
ఎవరికీ చెప్పకుండ కిందికి పోయింది.
బాయి తవ్వెటోళ్లు చూసిన్రట,
రెండు నిలువుల లోతుల
సన్నటి వేరొకటి మట్టిని అడుగుతున్నదని.

ఆ చలికాలం పొద్దున
మంచు ఆరకముందే కోసిన. తొందర.
తడిది, లేతది, నిండు మోపు.
చొప్ప కలపలే.
పొద్దెక్కేసరికి మా ముర్రా బర్రె ఎడమ డొక్క
డప్పులెక్క బిగిసింది.
వేలితోని కొడితే మోగింది.
నేనే పెట్టిన. నా చేతులతోనే.

కాంపౌండర్ కదమ్ మోటార్ సైకిల్ మీద వచ్చిండు.
పావుసేరు నూనె తాపినా దిగలే.
"ధర్, బాయి, ధర్" అన్నడు. పట్టుకున్న.
సూది దిగిన చప్పుడు
సైకిల్ ట్యూబు గాలి పోయినట్టు.
దానెంట వచ్చిన పులిసిన పచ్చివాసన
ఆ చీరను ఇంకా ఇడవలే.

"గడ్డి మంచిదే" అన్నడు చేతులు కడుక్కుంట.
"ఒక పూట వాడనియ్యి. కడబ కలుపు."
కడబ అంటే మా చొప్పనే.
అత్త ఆయనకు మరాఠీల అవునన్నది,
నన్ను తెలుగుల తిట్టింది.

పది రోజులకు పాలు మళ్ల దారిలకొచ్చినయ్.
డేరీల పోసి వస్తుంటే
కొంగుముడిల సర్కారు నర్సు రాసిచ్చిన చీటీ తగిలింది:
రక్తం తక్కువ, ఆకుకూర తినాలె.
మెంతికట్ట పది రూపాయలు.

మోపుల నుంచి పైకొసలు తుంచిన,
ఊదాపూత రాకముందటివి.
పెసరపప్పుల వేసి
ఎల్లిగడ్డ దంచి పోపు పెట్టిన,
పేరుకన్నా న్యాయం చెయ్యాలె గద.
జొన్నరొట్టెల కొంచెం పసరు, కొంచెం మెంతి.

కొట్టంల బర్రె నెమరు ఆపి నా దిక్కు చూసింది,
దాని వాటా తిన్నననో,
డొక్క మీది మచ్చ యాదికొచ్చో.

పండుకునే ముందు
ఎవరూ చూడకుండ
నా ఎడమ డొక్క మీద
వేలితోని కొట్టి చూసుకున్న.