అచ్చులోంచి అచ్చులోకి

మా వారపత్రిక మూతపడ్డ ఏడాది
అచ్చు యంత్రాన్ని తుక్కువాడు లాక్కెళ్ళాడు.
అక్షరాల సీసాన్ని మాత్రం నాన్న అడిగి తెచ్చుకున్నాడు,
పదకొండు బకెట్లు.
మోంటానా ఉత్తరాన, మిల్క్ నది వంపులో,
గోధుమ గాదె పక్క రేకుల షెడ్డులో వరసగా పెట్టి
"ఆర్డిస్, నీ ఇరవై ఆరేళ్ళ కూలీ ఇదిగో" అని నవ్వాడు.

నిజమే. ఆ వాక్యాలన్నీ నేను కూర్చినవే.
గోధుమ ధర, వడగళ్ళు, చర్చిలో చేపల విందు,
తప్పిపోయిన ఎర్ర ఆవు,
ఎవరెవరి పెళ్ళి, ఎవరెవరి చావు.
అన్నీ తిరగేసిన అక్షరాలు, అద్దంలో చదవాలి.
మూకుడులో పడితే ముందు అంచులు మెత్తబడతాయి,
తర్వాత ఆవు పోతుంది, పెళ్ళికూతురు పోతుంది,
చివరికి వెండిలా వణికే ఒక్క మడుగు.

సీసం, తగరం,
ఎక్కడో ఎవరి కళ్ళకో కాటుకయ్యే నీలాంజనం.
మామూలు సీసాన్ని గోటితో గీస్తే గీత పడుతుంది,
దీని మీద గోరే అరుగుతుంది.
అచ్చు విప్పగానే తూటాలు
పాత దుప్పటి మీదికి జారి, ఒకదానికొకటి తగిలి
ఖంగుమనేవి.
మెత్త సీసానికి ఆ గొంతుండదు.
ఆ చప్పుడు కోసమే నాన్న ఇంకో గరిటె పోసేవాడనుకుంటాను.

చిన్నాన్న హాల్వర్ గుమ్మంలో నిలబడి అన్నాడు:
"ఇంత గట్టి లోహం గొట్టాన్ని తినేస్తుంది, ఓర్విల్.
చూస్తూ ఉండు."

పదమూడో శీతాకాలానికి
తాతనాటి లివర్ రైఫిలు మాట వినడం మానేసింది.
వంద గజాల అవతలి కాగితం మీద
పిడికిలిలో ఇమిడే అయిదు చిల్లులు
గద్దను చూసిన కోడిపిల్లల్లా చెదిరిపోయాయి.
హాల్వర్ ఏమీ అనలేదు.
కాఫీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు,
కరిగిపోయిన చాలాసేపటి దాకా.

ఆ రాత్రి బకెట్ల కేసి చూసి నాన్న
"నీ అక్షరాలే తినేశాయా" అన్నాడు.
నిద్రపట్టక వెతుక్కున్నాను, ఏ వాక్యమై ఉంటుందని.
బ్యాంకు వేలం నోటీసులు కూర్చాను ఒక కరువేడు,
పొరుగువాళ్ళ పొలాలవి, ఎకరాల లెక్కతో సహా,
ఒక్క అచ్చుతప్పు లేకుండా.
గట్టివి అవే అయి ఉంటాయి.

గ్రేట్ ఫాల్స్‌లో తుపాకులు బాగుచేసే డెల్మార్ క్విగ్లీ
గొట్టంలోకి సన్నని దీపపు కన్ను దించి
నన్నూ చూడమన్నాడు.
మెలితిరిగిన గాడులు,
సొరంగంలో పట్టాల్లా మెరుస్తూ,
ఒక్కటీ గాడి తప్పలేదు.
"ఉక్కు ముందు మీ సీసం ఎంత గట్టిదైనా వెన్నేనమ్మా.
గొట్టాన్ని తినేది నిప్పు.
మీరు పోసే చిటికెడు మందుకి అంత ఆకలి లేదు."
తర్వాత తుపాకి మూతి ఇటు తిప్పాడు.
గుండ్రంగా ఉండాల్సిన అంచు
ఒక పక్కకి సాగి కోడిగుడ్డయి ఉంది.

"రోజూ తుడుస్తారా?"
"రోజూ" అన్నాడు నాన్న, ఛాతీ పైకెత్తి.
"దేనితో?"

మూడు ముక్కల ఇనప కడ్డీ, మూతిలోంచి లోపలికి.
తాత నేర్పిన పద్ధతి.
కోతల దుమ్ము అంటిన కడ్డీ
భోజనం ముందు ప్రార్థనంత నిష్ఠగా
ఒక్క సాయంత్రం తప్పకుండా
వెళ్ళేది, వచ్చేది.

డెల్మార్ ఇంకేమీ అడగలేదు.
వేలెడు ముక్క కోసేసి, కొత్త అంచు తీర్చి,
లోపలికి కడ్డీ తిన్నగా పోయేలా
ఓ ఇత్తడి తొడుగు ఇచ్చాడు.
కోసిన ముక్క నా అరచేతిలో పెట్టాడు,
ఉంగరంలా ఉంది, ఏ వేలికీ పట్టదు.

తిరుగుదారంతా మంచు.
నాన్న ఎనభై మైళ్ళు నోరు విప్పలేదు.
బిగ్ శాండీ దాటాక
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు:

"అయితే, తుడవొద్దా?"

హీటరు కొంచెం పెంచాను.