తరాజు

పంచనామా అంటే నన్నే పిలుస్తరు.
కాజీపేటల ఠాణాకు ఎదురుంగ నా కిరాణం,
నా ఎంబడి నా తరాజు.

నిన్న రాత్రి ఓదెలు చిన్నకొడుకు.
ఐటీఐ సంచిల, టిఫిన్ డబ్బ కింద పొట్లం.
ఎర్రంకెలు నిలబడేదాక వాడు అంకెలనే చూసిండు,
నేను వాని తెగిన చెప్పు చూసిన.
నలభై రెండు గ్రాములు.
సబ్బుబిళ్లంత గూడ లేదు.
"నా సమక్షంలో తూచినారు" అని వాళ్లే రాసుకున్నరు,
సంతకం నాది.

పొద్దున చాయ్ కాడ లొల్లి.
"వైన్సుకు లైసెన్సిచ్చిన చెయ్యే
పోరనికి బేడీలేసింది" అన్నడు వకీలు రాజమల్లు.
ఆటో యాకూబ్ గ్లాసు కింద వెట్టిండు:
"మా తమ్ముడు రెండేండ్ల సంది
గూడ్సు డబ్బాలు లెక్కవెట్టుకుంట కూసుంటడు సార్.
వానికి గూడ ఇయ్యుండ్రి లైసెన్సు."
చాయ్ సల్లారింది.

నేను దేనికీ ఊ అనలే.
నల్లబెల్లం అమ్మిననని
నన్నొకపారి గదే బెంచి మీద కూసోవెట్టిండ్రు.
జాతరకైతే బంగారమట,
తండాకైతే గుడుంబానట.
కొన్నోళ్ల పేర్లు రాసిన నోట్‌బుక్కు
ఇంకా గల్లపెట్టెల ఉన్నది.

మాపటికి ఓదెలు వచ్చిండు.
బెయిలు ముచ్చట అడుగుతడనుకున్న.
"పోరడు ఇంటికొస్తె మేడారంల
నిలువెత్తు బంగారమిస్తనని మొక్కిన.
ఎన్ని కిలోలు కావాలె శేటూ?"

కొడుకు ఎంత తూగుతడో ఆయనకు ఎర్క లేదు.
నేను తూచింది
నలభై రెండు గ్రాములే.