మడమలు పైకి

పొద్దన ఆరుముక్కాలుకు
ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనిచ్చి నిలబెడతా.
జారకుండా ముందర చింతపండు ఉండ.
తలుపుకు గడి, కిటికీకి పాత చీర.
ఫోన్లో పదకొండు నల్ల గళ్ళు.
ఒక్క గడిలోనే మొగం,
తిరుపతి నుంచి పాఠం చెప్పే పిల్ల, నిషిత.

మాకు పేర్లు లేవు ఈడ.
మొదటి దినం ఆ పిల్లే అనింది,
"మీకిష్టమైన మామిడికాయ పేరు పెట్టుకోండి."
అట్ల ఒకరు బేనీషా, ఒకరు మల్లిక,
మాటకొకసారి దగ్గేది కాదర్.
తోతాపురి నాకంటే నాకని ఇద్దరు కొట్లాడితే
ఒకాయన పెద్ద తోతాపురి అయినాడు.
నేను నీలం.
అన్ని కాయలూ అయిపోయి
మండీలో తట్టలు బోర్లించే వేళకు పండేది.
పేర్లు ఏవైనా
అందరి ఇంటిపేరూ హెచ్చైవీనే.

పందొమ్మిదేళ్ళ కిందట పెద్దాస్పత్రిలో
కాగితం మడిచి చేతిలో పెట్టినాయన
రెండేళ్ళు అన్నాడు.
రెండేళ్ళకే లెక్కలేసుకున్నా.
చీటీ ఎత్తేసినా,
కమ్మలు అక్కకూతురికి ఇచ్చేసినా,
దిండుకు కొత్త గలీబు కూడా కుట్టలేదు.
రాత్రి ఎనిమిదింటి మాత్ర మాత్రం మానలేదు.
చావు రాలేదు.
మోకాళ్ళ నొప్పి వచ్చింది.
కమ్మలు ఇప్పుడు వాపసు అడిగేదెట్ల?

"కుర్చీ గోడకానించండి. కూచోండి, లేయండి. పది."
ఇసక పోసిన సీసాలు రెండు చేతుల్లో.
గుజ్జు ఫ్యాక్టరీలో టెంకలు తీసి తీసి
వంకర పోయిన వేళ్ళు ఇవి,
సీసాను పట్టుకోవడం కొత్తగా నేర్చుకుంటా ఉండాయి.
ఏడు దగ్గర లెక్క నిలబెట్టి
"మల్లికమ్మా, ఊపిరి" అంటాది నిషిత.
నల్ల గడిలో ఊపిరి ఎట్ల కనబడతాదో ఆ పిల్లకు.

మొన్న మంగళారం
సంతపేట మా వీధిలోకి ఉప్పు ఆటో వచ్చింది.
"కల్లుప్పూ..." అని మైకులో అరుపు
కిటికీలోంచి ఒకసారి వినబడింది.
రవంత ఆగి
ఫోన్లోంచి ఇంకోసారి.
అదే గొంతు, అదే చిల్లర గలగల.
సీసాలు గాల్లోనే నిలిచిపోయినాయి.
పెద్ద తోతాపురి గడిలో
మైకు గుర్తు పచ్చంగా ఉండి
చటుక్కున ఎర్రబడింది.
నాది ఆపిండానా? గుర్తు లేదు.

ముప్పై ఇండ్ల వీధి.
ఎవురు? ఇస్త్రీ బండాయనా?
కొళాయి కాడ నాతో వంతు కోసం అరిచినాయనా?
ఇంతకు ముందు రెండు ఇండ్లు మారినా.
పొమ్మని ఎవురూ నోరు తెరవలేదు,
నా గ్లాసు మాత్రం పక్కకు పెట్టినారు.
మూడో ఇంటికి సామాన్లు మోసే మోకాళ్ళు లేవు.
మూడు దినాలు ఫోను బియ్యం డబ్బా లోపలే.

శనివారం రేషను వరసలో
నాకు ముందర రెండో మనిషి, కండక్టరు దొరసామి.
ఇన్నేళ్ళు ఎదురు గుమ్మంలో
పేపరు అడ్డం పెట్టుకునే మనిషి.
సంచి చంకలో పెట్టుకుని
గోడకు రెండు వేళ్ళు ఆనిచ్చి
మెల్లిగా మడమలు పైకెత్తినాడు.
దించినాడు.
మళ్ళా ఎత్తినాడు.
ఏడు దగ్గర ఆగి, ఊపిరి.

గోడ నాకూ అందేంత దూరంలోనే ఉండాది.
రెండు వేళ్ళు ఆనిచ్చినా.
ఎనిమిది.
నా చెప్పులు కిర్రుమన్నాయి.
ఆయన తిరిగి చూడలేదు,
తొమ్మిది దగ్గర మాత్రం
రవంత ఆగినాడు.